దొర మీదుగా దూకిన పిల్లి

డ్రమ్‌కెల్లో దొర పోయి మూడో రోజు. బతికున్నన్నాళ్ళూ ఆయన మాట ఆ దివాణంలో పెద్దగా విన్నవాళ్ళు లేరు గానీ, పోయాక మాత్రం ఇల్లంతా ఆయన చుట్టూ మునికాళ్ళ మీద నడుస్తోంది. హాల్లో నిలువెత్తు గడియారాన్ని ఆయన పోయిన వేళకి, నాలుగుంపావు దగ్గర ఆపేశారు. అద్దాలన్నిటికీ దుప్పట్లు కప్పారు. తోటలో తేనెటీగల పెట్టెల దగ్గరికి వెళ్ళి తోటమాలి టోపీ తీసి "మీ దొర పోయాడర్రా" అని చెప్పి వచ్చాడు. పై అంతస్తు గదిలో తెల్లటి పక్క మీద దొరని పడుకోబెట్టి, గుండెల మీద సత్తు పళ్ళెంలో గుప్పెడు ఉప్పు పోసి పెట్టారు.

ఇవన్నీ ఒక ఎత్తు. పిల్లిని మూసిపెట్టడం ఒక్కటీ ఒక ఎత్తు.

శవం ఇల్లు దాటేదాకా పిల్లి ఇంట్లో తిరగకూడదు. అది గనక శవం మీదుగా దూకిందా, ఆ తర్వాత మొట్టమొదట ఏ మనిషి మీదుగా దూకితే ఆ మనిషికి కళ్ళు పోతాయి. అలా దూకిన పిల్లిని పట్టుకుని, ఇంకొకరి మీదుగా దూకకముందే చంపేస్తారు. ఆ కొండ ప్రాంతంలో ఇది నమ్ముతానని ఎవరూ చెప్పరు. అలాగని పిల్లిని వదిలేసేవాళ్ళూ ఎవరూ లేరు. చదువుకున్న పాస్టరు గారి ఇంట్లో అయినా సరే, పెద్దావిడ పోయినప్పుడు పిల్లి మూడు రోజులు బొగ్గుల కొట్లోనే ఉంది.

దొర పిల్లి పేరు బాడ్రన్. బూడిద రంగు, ఒక చెవి చిరిగింది, బలిసిన కుందేలంత ఉంటుంది. దాన్ని చాకిరేవు గదిలో పెద్ద చెక్కతొట్టి బోర్లించి దాని కింద పెట్టారు. తొట్టి మీద ఇస్త్రీపెట్టెలు రెండు బరువుకి.

తొట్టి తీసింది ఎల్సీ.

ఎల్సీ అసలు పేరు ఎల్స్‌పెట్ మిల్న్, నలభై ఆరేళ్ళు. దివాణంలో ఇరవై రెండేళ్ళ నుంచీ దుప్పట్లు, బల్లగుడ్డలు, దొరల చొక్కా కాలర్లు రఫ్ఫు చేసే మనిషి ఆమే. నేసినవాడొచ్చి వెతికినా చిల్లు ఎక్కడుండేదో కనిపెట్టలేడు, అలా చేస్తుంది. మొగుడు లేడు, పిల్లల్లేరు, పొలం లేదు. ఉన్నవల్లా రెండు కళ్ళు. ఆ కళ్ళతోనే ఆమెకి రొట్టె, బట్ట, చలికాలం రాత్రి పొయ్యి దగ్గర ఓ కుర్చీ.

ఆ దివాణంలో కళ్ళ గురించి భయం ఊరికే పుట్టింది కాదు. పడమటి గోడకి పై వరసలో ఏడు కిటికీలు కనిపిస్తాయి బయటినుంచి చూస్తే. ఆరోది కిటికీ కాదు, రాయి. చుట్టూ చట్రం చెక్కి ఉంటుంది, గడప ఉంటుంది, మధ్యలో అద్దం ఉండాల్సిన చోట గట్టిగా రాయి కట్టేసి ఉంటుంది. ఇప్పుడు పోయిన దొర ముత్తాత కాలంలో బెథియా అనే దొరసాని ఉండేది. మొగుడు పోయిన వారమే మంచు పడి దారులు మూసుకుపోతే, శవాన్ని తొమ్మిది రోజులు ఇంట్లోనే ఉంచాల్సి వచ్చింది. అన్ని రోజులు పిల్లిని ఎవరు కనిపెట్టుకుని ఉంటారు? అది దొర మీదుగా దూకింది, తర్వాత మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్న బెథియా మీదుగా దూకింది. మంచు కరిగేసరికి ఆవిడకి పగలూ రాత్రీ ఒకటైపోయాయి. మేస్త్రీని పిలిపించి, "నేను చూడలేని కొండ నా గదిలోంచి ఇంకెవరూ చూడటానికి వీల్లేదు" అని ఆ కిటికీ కట్టించేసింది.

వేట భూముల కాపలాదారు యూవెన్ ఫర్కర్ మాత్రం ఈ కథ చెప్పినప్పుడల్లా పకపకా నవ్వుతాడు. "బెథియా లేదు, గిథియా లేదు. అప్పట్లో సర్కారు కిటికీకింత అని పన్నేసింది. మన దొరలు పిసినారి నాయాళ్ళు, ఒకటి మూసేశారు. ఇంకా నయం, మొహానికి పన్నేస్తే ముక్కు మూసేసుకునేవాళ్ళు."

అన్నీ బాగానే అంటాడు. ఆ గోడ కింద నడిచేటప్పుడు టోపీ కళ్ళ మీదకి లాక్కోవడం మాత్రం ఎల్సీ చూసింది, ఒకసారి కాదు, చాలాసార్లు.

మరి అన్నీ తెలిసిన ఎల్సీ తొట్టి ఎందుకు తీసింది? దొర వల్ల. పోయే ముందురోజు సాయంత్రం ఆయన చెయ్యి పట్టుకుని అడిగాడు. "ఎల్స్‌పెట్, నేను పోతే ఈ ముసలి పిల్లిని నీళ్ళలో పడేస్తారు. నువ్వు చూసుకో. మాటివ్వు." ఎల్సీ మాటిచ్చింది. చచ్చిపోయేవాడికి ఇచ్చిన మాట ఆ నేల మీద రిజిస్ట్రీ కాగితం కంటే గట్టిది. ఇప్పుడేమో పిల్లి రెండు రోజులుగా ముద్ద ముట్టలేదు. తొట్టి కింద పెట్టిన పాలు పెట్టినట్టే ఉన్నాయి. సరే, తన గదికి తీసుకెళ్ళి ఒళ్ళో పెట్టుకుని పొగబెట్టిన చేపతోలు తినిపించి, ఎవరూ చూడకుండా మళ్ళీ తెచ్చి మూసేద్దామనుకుంది. దాన్ని కుట్టుబుట్టలో పెట్టి, మూత మీద చెయ్యి అదిమి, చేపతోలు ఆప్రాన్ జేబులో వేసుకుని మెట్లెక్కింది.

మెట్ల మలుపులో మిసెస్ గెడ్డిస్ ఎదురైంది. ఇల్లంతా నడిపే పెద్ద మనిషి, నడుముకి తాళాలగుత్తి.

"ఎల్సీ, చేతిలో పనుందా? ఉన్నా సరే పక్కన పెట్టు. దొర దగ్గర కాపలా ఆవిడ టీ తాగడానికి దిగింది. పది నిమిషాలు నువ్వు కూర్చో. శవాన్ని ఒంటరిగా వదలకూడదు."

"ఈ బుట్ట గదిలో పెట్టేసి వస్తానండీ."

"బుట్టేమన్నా కరుస్తుందా? తీసుకునే పో."

అలా వెళ్ళింది ఎల్సీ, దొర గదిలోకి, బుట్టతో.

కుర్చీలో కూర్చుంది. బుట్ట కిందపెట్టి మూత మీద రెండు పాదాలూ ఆనించింది. మధ్యాహ్నం పన్నెండు దాటింది. నవంబరు ఎండ పల్చగా పక్క మీద పడుతోంది. దొర మొహం ఎవరిదో అప్పు తెచ్చుకున్నట్టుంది. ఆయన గుండెల మీద ఉప్పు తప్ప ఆ గదిలో మెరిసేదేమీ లేదు. లోపల పిల్లి కదలడం మానేసింది. ఎల్సీ ఊపిరి పీల్చుకుంది. అప్పుడు అర్థమైంది ఆమెకి, అది ఎందుకు కదలడం మానేసిందో. వాసన చూస్తోంది. దానికి యజమాని వాసన తగిలింది.

మూత ఆమె పాదాల్ని విదిలించి కొట్టింది. బూడిదరంగు గీత ఒకటి నేల మీంచి లేచి, పక్క ఎడమ అంచు మీద ఒక్క క్షణం ఆగి, దొర ఛాతీ మీదుగా కుడివైపుకి దూకింది. తోక ఉప్పు పళ్ళేనికి తగిలింది. ఆత్మ బయటికి పోవడానికని తలుపు జానెడు తీసి ఉంచుతారు కదా, ఆ జానెడులోంచే పిల్లీ పోయింది.

ఎల్సీ లేచి వెళ్ళి, దుప్పటి మీద పడిన నాలుగు ఉప్పుగల్లులు తడివేలితో ఏరి పళ్ళెంలో వేసింది. మొదటి తప్పు పొరపాటు. ఈ నాలుగు గల్లులు ఏరడం మాత్రం తెలిసి చేసింది.

కాపలా ఆవిడ మూతి తుడుచుకుంటూ వచ్చింది. "ఏంటమ్మా అలా పాలిపోయావ్? దొర లేచి పలకరించాడా ఏంటి?"

"చలిగా ఉంది" అంది ఎల్సీ, బుట్ట తీసుకుని బయటపడింది.

చెప్పేస్తే ఒక్క నిమిషంలో ఇల్లంతా కర్రలు పట్టుకుని లేస్తుంది, పిల్లి చస్తుంది, దొరకిచ్చిన మాట చస్తుంది, సాయంత్రానికి ఎల్సీ పెట్టె గేటు బయట ఉంటుంది. చెప్పకుండా తనే పట్టుకుంటే? పట్టుకుని మళ్ళీ తొట్టి కింద పెట్టేస్తే ఎవరికీ తెలియదు కదా. ఇలా అనుకుంటూ వెతకడం మొదలుపెట్టింది.

ఒక ఇంట్లో మనుషులు రోజుకి ఎన్నిసార్లు వంగుతారో, ఎంత కిందికి వంగుతారో ఎల్సీకి అంతవరకూ తెలియదు. హాల్లో పనమ్మాయి మోకాళ్ళ మీద నేల తుడుస్తోంది, వీపు ఇంత ఎత్తులో, పిల్లికి సరిగ్గా అందేటట్టు. "లేమ్మా, లే, నేను తుడుస్తాలే" అంది ఎల్సీ. ఆ అమ్మాయి తెల్లబోయింది. వంటింట్లో వంటావిడ బల్ల మీద కాళ్ళు చాపి పడుకుని కునుకు తీస్తోంది. "లే అమ్మా, పులుసు మాడుతోంది." పులుసు పొయ్యి మీదే లేదు. మిసెస్ గెడ్డిస్ అంతటిది కూడా అలమర ముందు గొంతుక్కూర్చుని వెండి చెంచాలు లెక్కపెడుతోంది.

"మీరు లేవండి, నేను లెక్కపెడతాను."

"ఎందుకే? నేనెత్తుకుపోతాననా?"

బల్లల కింద లేదు, మంచాల కింద లేదు, దుప్పట్ల గదిలో లేదు. ఒకచోట మాత్రం, రెండో అంతస్తు మెట్ల మీద, కార్పెట్టు మధ్యలో ఒక తెల్లటి గింజ కనిపించింది. ఎల్సీ వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. ఉప్పు. పిల్లి ఇటే వెళ్ళింది.

ఆ మెట్ల మీదే అడ్డంగా కూర్చుని బూటు విప్పుకుంటున్నాడు యూవెన్ ఫర్కర్. ఎల్లుండి శవపేటిక మోసే ఎనిమిది మందిలో అతనొకడు. ఏ మలుపులో పేటిక గోడకి తగులుతుందో చూడటానికి వచ్చి, బూట్లో రాయి పడి కూర్చున్నాడు.

"లే యూవెన్. కూర్చోకు."

"ఏంటే, మెట్లు మీ తాత చెక్కించాడా?"

"నీకు దణ్ణం పెడతాను, లేచి నిలబడు."

"దణ్ణం కూడానా? ఏమైందే ఎల్సీ, దొర నీకు కన్నుగీటాడా?"

ఎల్సీ చెప్పింది. బుట్ట, మూత, తోక, ఉప్పు, అన్నీ. యూవెన్ నవ్వడం మొదలుపెట్టాడు. పోయినేడాది పాస్టరు గారి గొడుగులో కప్పల్ని పెట్టినవాడు, అతనికి నవ్వడానికి ఇంత కథ చాలు. సగం నవ్వాక నవ్వు ఆగిపోయింది. అరవై ఏళ్ళ మనిషి, ఎండకీ వానకీ కాలి ఇటుకరంగు తేలిన మొహం, ఆమె చూస్తుండగానే చెంపల దగ్గర తెల్లబడింది. ఎల్సీకి అంతకుముందు ఉన్న భయం భయమే కాదనిపించింది. ఊళ్ళో నవ్వేవాడు ఒకడున్నాడనే ధైర్యం ఎంత పెద్దదో, అది పోయినప్పుడు తెలిసింది.

"చిన్నదొర ఎక్కడ?" అన్నాడు.

చిన్నదొర అంటే పోయిన దొర మనవడు. ఎనిమిది నెలలు. ఇంకా నడవడు. పాకుతాడు.

ఇద్దరూ ఒక బూటుతో ఒకరు, బుట్టతో ఒకరు, పిల్లాడి గదికి పరుగెత్తారు. తలుపు తీసే ఉంది. ఆయా కిటికీ దగ్గర ఇటు వీపు పెట్టి పాలు చల్లారుస్తోంది. పొయ్యి ముందు గొర్రెతోలు మీద పిల్లాడు బోర్లా పడుకుని, మెడెత్తి, కిలకిలమంటూ ఎదురుగా ఉన్న అలమర పైకి చూస్తున్నాడు. అలమర మీద బాడ్రన్. ముందుకాళ్ళు దగ్గరికి లాక్కుని, వెనకభాగం అటూ ఇటూ ఊపుతోంది. దూకబోయే ముందు పిల్లులు అలాగే ఊపుతాయి. దాని చూపు పిల్లాడి మీద లేదు, పిల్లాడికి అవతల ఉన్న పాలచెంబు మీద ఉంది.

ఎల్సీ ముందుకి అడుగేయబోతే యూవెన్ ఆమె భుజం విరిగిపోయేంతగా పట్టుకున్నాడు. "కదిలితే దూకుతుంది."

తర్వాత అతను రెండు పెదాలూ వేళ్ళ మధ్య బిగించి ఒక చప్పుడు చేశాడు. కాలు విరిగిన కుందేలు పిల్ల చేసే చప్పుడు. కొండమీద నక్కల్ని పిలవడానికి నేర్చుకున్నది. సన్నగా, ఏడుస్తున్నట్టు. పిల్లి చిరిగిన చెవి ఇటు తిరిగింది. ఆయా ఉలిక్కిపడి వెనక్కి తిరిగితే, "అక్కడే ఉండమ్మా, కదలకు" అన్నాడు పెదాలు కదపకుండా. మళ్ళీ ఆ చప్పుడు. పిల్లాడు పిల్లివైపు పాకడం మొదలుపెట్టాడు, చెయ్యి చాచి. పిల్లి అలమర మీంచి దిగింది, దూకలేదు, పక్కనున్న కుర్చీ వీపు మీదకి, అక్కణ్ణుంచి సీటు మీదకి, నేల మీదకి జారింది. పిల్లాడి వేళ్ళకి బెత్తెడు దూరంలోంచి నడుచుకుంటూ యూవెన్ వైపు వచ్చింది. అతను భుజానున్న వేటసంచి నేల మీద తెరిచి పెట్టాడు. అది లోపలికి తల పెట్టగానే మూతి బిగించేశాడు.

"ఎలకల కోసం వచ్చాంలే" అన్నాడు ఆయాతో.

ఇద్దరూ పెరట్లోకి వచ్చి నిలబడ్డారు. సంచిలో పిల్లి గుర్రుమంటోంది.

"నల్లచెరువుకి పోతున్నా. సంచితో సహా వేసేస్తా" అన్నాడు యూవెన్.

"వీల్లేదు. దొరకి మాటిచ్చాను. నీళ్ళలో వేయనివ్వనని, ఆయన చెయ్యి పట్టుకుని ఇచ్చాను."

"చచ్చినోడికిచ్చిన మాట..."

"అను. పూర్తిగా అను. ఆయన ఇంకా పైనే ఉన్నాడు, ఆ గది కిటికీలోంచి వినపడుతుంది."

యూవెన్ పైకి చూసి, టోపీ కళ్ళ మీదకి లాక్కున్నాడు. శవం ఇంట్లో ఉండగా శవానికిచ్చిన మాట తప్పడం అంటే ఏమిటో అతనికి విడమరచి చెప్పనక్కర్లేదు. చంపితే దొర ఊరుకోడు. చంపకపోతే పిల్లి ఊరుకోదు. సంచిలో ఎన్నాళ్ళు ఉంచుతారు? ముసలిదైనా ఇంకా కొన్నేళ్ళు బతుకుతుంది. ఎప్పుడో ఒకప్పుడు, ఎవరో ఒకరి మీదుగా దూకుతుంది.

"నాకివ్వు" అంది ఎల్సీ. "తప్పు నాది."

చాకిరేవు గదిలోకి వెళ్ళి తలుపు గడియ పెట్టుకుంది. రాతి నేల. చేపతోలు ఒకవైపు పెట్టింది. సంచి ఇంకోవైపు పెట్టింది. మధ్యలో తను వెల్లకిలా పడుకుంది, కుడిచేత్తో సంచి మూతి వదులు చేసింది. నేల చలి వెన్నులోకి ఎక్కుతోంది. పైన దూలానికి ఒక పాత గుడ్డపీలిక వేలాడుతోంది. దాని నేత ఎలా ఉందో, ఎక్కడ దారం తప్పిందో అంత ఎత్తులో ఉన్నా ఆమెకి కనిపిస్తోంది. ఎంత బాగా కనిపిస్తోందో. ఇదే చివరిసారి చూసేది అనుకుంది, ఈ పీలిక. ఇంకాస్త మంచిది ఏదైనా చూసి రావాల్సింది అనుకుంది.

పిల్లి సంచిలోంచి వచ్చింది. ఒళ్ళు విరుచుకున్న చప్పుడు. అడుగులు. ఆమె చెవి పక్కన ఆగిన ఊపిరి, చేపవాసన పీలుస్తూ.

తర్వాత చూస్తే ఎల్సీ తలుపుకి వీపు ఆనించి నిలబడి ఉంది. పిల్లి మళ్ళీ సంచిలో ఉంది. ఎప్పుడు లేచిందో, ఎప్పుడు దాన్ని కుక్కిందో ఆమెకే తెలియదు. చేతుల నిండా గీతలు. ఏడుపు రాలేదు. సిగ్గేసింది. చేతకాలేదు, అంతే. నలభై ఆరేళ్ళు తన గురించి తను మంచిదాన్నే అనుకుంది.

గడియ తీసేసరికి యూవెన్ గుమ్మం పక్కనే గోడకి చేరగిలబడి పైపు ముట్టించుకుంటున్నాడు. ఆమె చేతుల వంక చూశాడు. మొహంలో రంగు తిరిగొచ్చింది. కళ్ళలో పాత కొంటెతనం కూడా కాస్త తిరిగొచ్చింది.

"ఎల్సీ, ఆ దరిద్రానికి కావలసింది ఏంటి? ఒక జత కళ్ళు. అవునా? మంచివా చెడ్డవా అని అడగదు కదా. ఈ దివాణంలో ఖర్చయిపోయిన జత ఒకటుంది."

ఎల్సీకి వెంటనే అర్థమైంది. అర్థమైనందుకే "ఛీ" అంది.

మిస్ లిలియాస్. పోయిన దొరకి అక్క. ఎనభై ఒకటి. పదకొండేళ్ళయింది చూపుపోయి. రోజూ ఎల్సీయే వెళ్ళి ఉత్తరాలు చదివి పెడుతుంది, గుండీలు పెడుతుంది, పళ్ళెంలో మాంసం ఏ వైపుందో, దుంప ఏ వైపుందో చెబుతుంది.

"ఛీ ఏంటి? ఆవిడకి పోయేదేముంది చెప్పు. ఎండిపోయిన బావిలో చేద దింపితే నీళ్ళు తరుగుతాయా? పిల్లి దూకుతుంది, శాపం తీరిపోతుంది, పిల్లి బతుకుతుంది, దొర మాట నిలబడుతుంది. ఎవడి కొంపా మునగదు. పాస్టర్లని, దొరలని, పన్నులోళ్ళని అందర్నీ బోల్తా కొట్టించా గానీ, దయ్యాన్ని కొట్టించడం ఇదే మొదలు."

"ఆవిడకి చెప్పాలిగా."

"చెప్పి? ఆ వయసులో గుండాగితే? పద, ఎండ ఉండగానే ముగిద్దాం."

ఎల్సీ ఇంకో రెండుసార్లు కాదంది. రెండోసారి అన్నప్పటికే మెట్లెక్కుతోంది.

మిస్ లిలియాస్ గది దక్షిణం వైపు. కిటికీ ఎదురుగా వాలుకుర్చీలో, గళ్ళ ఉన్ని దుప్పటి కప్పుకుని, కాళ్ళు పీట మీద చాపి కూర్చుంది. మధ్యాహ్నం రెండు దాటింది. ఎండ తిన్నగా ఆవిడ మొహం మీద పడుతోంది.

"ఎల్స్‌పెట్. ఇంకో జత కాళ్ళు కూడా వచ్చాయే. ఫర్కర్, నువ్వేనా? ఒక బూటే వేసుకున్నావేంటి?"

యూవెన్ నాలిక కరుచుకున్నాడు. "రాయి పడిందమ్మగారూ."

"ఆరు దశాబ్దాలు కొండల్లో తిరిగినవాడికి రాయి ఇంట్లో దొరికిందా? మా తమ్ముణ్ణి జాగ్రత్తగా దింపుతారా, లేకపోతే ఇలాగే ఒంటి బూటుతోనా?"

"పువ్వులా దింపుతామమ్మగారూ."

"వాడేం పువ్వు, నూట పది కిలోల బస్తా. చిన్నప్పుడు నేనే ఎత్తుకుని తిప్పేదాన్ని. నడుం అప్పుడే పోయింది." ఆవిడ నవ్వి, చెవి ఇటు తిప్పింది. "ఏంటి చప్పుడు లేకుండా చేస్తున్నారు?"

"పొయ్యిలో పీటు మట్టిగడ్డలు మండేలా ఎగదోస్తున్నానమ్మా" అంది ఎల్సీ.

ఆమె చేపతోలు పీటకి అవతలివైపు పెట్టింది. యూవెన్ ఇటువైపు సంచి విప్పాడు. పిల్లి బయటికొచ్చి, ముసలావిడ వంక చూసి, అటు వాసన చూసి, చుట్టూ తిరిగి వెళ్ళబోయింది. యూవెన్ బూటులేని కాలు అడ్డం పెట్టాడు. ఎల్సీ కళ్ళు మూసుకుందామనుకుంది, మూసుకోలేకపోయింది. పిల్లి వెనక్కి వంగి, చాపిన ఆ ముసలి కాళ్ళ మీదుగా, గళ్ళ దుప్పటి అంచు కూడా తగలకుండా, తేలిగ్గా దూకేసింది.

"గాలేసింది" అంది మిస్ లిలియాస్. "తలుపేయండి."

ఏమీ కాలేదు. పొయ్యిలో గడ్డ ఒకటి విరిగి పడింది. పిల్లి చేపతోలు నములుతోంది. యూవెన్ ఎల్సీ వంక చూసి కన్నుగీటాడు, బుగ్గలు పూరించి నవ్వు ఆపుకున్నాడు. పిల్లిని సంచిలో వేయకుండా చంకలో పెట్టుకుని, ముసలావిడకి వంగి ఒక పెద్ద సలాం కొట్టాడు, ఆవిడకి కనిపించదని తెలిసే. బయటికి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు. నడవలో అతను పిల్లితో ఏదో ముద్దుగా అనడం వినిపించింది.

ఎల్సీ బుగ్గలు తడిగా ఉన్నాయి. తుడుచుకుని, టీ పోసి, చక్కెర రెండు చెంచాలు వేసి, ఓట్ల రొట్టెకి వెన్న రాసి పళ్ళెంలో పెట్టింది. ఆవిడంటే ఎంతో ఇష్టమనిపించింది ఆ క్షణంలో. జీవితమంతా సేవ చేసుకోవాలనిపించింది.

"టీ అమ్మా. కుడిచేతి వైపు."

మిస్ లిలియాస్ చెయ్యి చాచలేదు. తల కొంచెం ఎడమకి తిప్పింది, మళ్ళీ కుడికి తిప్పింది. కిటికీ వైపు మొహం ముందుకి చాచింది, ఎవరైనా దూరం నుంచి పిలిస్తే వినేవాళ్ళలాగా.

"ఎల్స్‌పెట్, కిటికీ తలుపులు ఎందుకు మూశావ్?"

ఎల్సీ కప్పు కింద పెట్టేసింది.

"తెరువమ్మా" అంది ఆవిడ, మెల్లిగా, కొంచెం సిగ్గుపడుతూ. "నీకు చెబుతా, ఎవరితో అనకు. నాకు బొత్తిగా చీకటి కాదు. ఎప్పుడూ లేదు. కిటికీ ఎదురుగా కూర్చుంటే ఒక పక్కన పల్చగా పాలలాగా కనిపిస్తుంది. ఎండ బాగా ఉన్నరోజు ఎర్రబడుతుంది కూడా. డాక్టరుకి చెప్పలేదు, ఏదో చేస్తానని అదీ పోగొడతాడని. మా తమ్ముడికీ చెప్పలేదు. అది చూసుకుంటూనే కూర్చుంటాను రోజంతా. ఇప్పుడే ఉంది, మీరు లోపలికొచ్చినప్పుడు కూడా ఉంది. తెరువు."

కిటికీ తలుపులు రెండూ గోడకి ఆని ఉన్నాయి. తెర లేదు. నల్లచెరువు మీంచి ఎండ నేరుగా వచ్చి ముసలావిడ తెరిచిన కళ్ళలో పడుతోంది. ఆవిడ రెప్ప వేయడం లేదు.

ఎల్సీ కిటికీ దగ్గరికి నడిచింది. ఒక తలుపు పట్టుకుని సగం మూసింది. ఇనప బందు కిర్రుమంది. మళ్ళీ వెనక్కి తెరిచింది, ఇంకా గట్టిగా, చప్పుడయ్యేలా.

"తెరిచానమ్మా."

"లేదు."

"బయట మబ్బు పట్టిందమ్మా. నల్లగా కమ్ముకుంది. వానొచ్చేలా ఉంది."

మిస్ లిలియాస్ చెయ్యి దుప్పటిలోంచి తీసి, తన చెంప మీద పెట్టుకుంది. తర్వాత నుదుటి మీద.

"మరి నా మొహం మీద ఈ ఎండ ఎక్కడిదే?"

ఎల్సీ తలుపు రెక్క పట్టుకుని అలాగే నిలబడింది.

"ఎల్స్‌పెట్, ఉన్నావా?" అంది ముసలావిడ. "దగ్గరికి రా. చెయ్యివ్వు. ఏం చేశారు మీరిద్దరూ?"